ఊరి చెత్త - ఊరి బొక్కసము



ఈ సాయంకాలము నేను ముచ్చటింపదలచిన విషయము సభలలో శోభించునది కాదు. ఇందు రాజుల యుద్ధములు లేవు, కవుల సన్మానములు లేవు. వీధిలో పేరుకొన్న చెత్తను తీసివేయుట కెవరు బాధ్యులు? ఆ పనికి కావలసిన రూపాయిని వసూలుచేయు నధికార మెవరిది? ఆ రూపాయి నెవరి యెదుట లెక్కచెప్పి ఖర్చుపెట్టవలెను? ఈ మూడు ప్రశ్నలకు మన గోదావరి జిల్లాలలో నూటడెబ్బది యేండ్లుగా దొరకుచు వచ్చిన సమాధానములే నేటి నా ప్రసంగము. వినుటకు స్వల్ప విషయమే. కాని స్థానిక స్వపరిపాలన మను పెద్ద మాట మన గ్రామములలో కాలు పెట్టినపుడు దాని చేతిలో నున్నవి వీధిదీపమును, చీపురుకట్టయునే యని మరువరాదు.

పూర్వకాలమున పల్లెలలో చెత్త యొక సమస్యగా నుండలేదు. ఇంటి బూడిద, పశువుల పేడ, గడ్డిపరకలు, కూరతొక్కులు పెరటిలోని పెంటకుప్పకు చేరుచుండెను. వేసవిలో ఆ పెంట బండ్లకెక్కి పొలమునకు పోవుచుండెను. రైతునకు పెంటకుప్ప సొత్తు గాని మురికి కాదు. దానిని తీసికొనిపోవుటకు ఒకరికి కూలి యీయవలసిన అక్కర లేకుండెను. తక్కిన పనులకు గ్రామసేవకు లుండిరి. వారికి కొందరికి మాన్యములు, కొందరికి కళ్లములో కొలిచియిచ్చు మేరలు జీవనాధారములు. చచ్చిన గొడ్డును ఊరివెలుపలికి లాగివేయు పని మాత్రము ఒక కులమువారి నెత్తిన పెట్టిరి. ఆ యేర్పాటులో ఊరికి పన్ను లేదు, న్యాయమును లేదు. ఊరి మురికిని మోయువాడు ఊరికి దూరముగా నుండవలసివచ్చెను. పాతకాలపు పద్ధతులను మెచ్చుకొనునపుడు ఈ మాటను దాచుట ధర్మము కాదు.

తరువాత ఆనకట్ట వచ్చెను. 1847లో ధవళేశ్వరమువద్ద ఆర్థర్ కాటన్ ప్రారంభించిన పని 1852 నాటికి ముగిసెను. కాలువలు డెల్టా నలుమూలలకు పారినవి. పంటలు హెచ్చినవి, పడవలు తిరిగినవి, సంతలు పెరిగినవి, కాలువగట్లవెంబడి ఊళ్లు దట్టమైనవి. ఆ భాగ్యముతోపాటు ఒక చిక్కును వచ్చినది. త్రాగుట కదే కాలువ, స్నానమున కదే కాలువ, పశువులను కడుగుట కదే కాలువ. గట్టుమీద పోసిన కసవు మొదటి వానకు కొట్టుకొనిపోయి అందులోనే కలియును. ఎగువయూరి మురికి దిగువయూరి కడవలోనికి వచ్చును. మెట్టప్రాంతపు పల్లెలో ఒకని పెంటకుప్ప వాని పెరటి సంగతి. డెల్టాలో అట్లు కాదు. ఇక్కడ ఒక యూరి అశుభ్రత మరియొక యూరి రోగము.

ఆ కాలముననే సీమలో ఈ జ్ఞానము శాస్త్రరూపము దాల్చుచుండెను. 1848లో ఇంగ్లాండు ప్రజారోగ్య శాసనము చేసికొని, స్థానిక సంఘములు పన్ను వేసి మురుగుకాలువలు కట్టించుట కధికార మిచ్చెను. 1854లో జాన్ స్నో అను వైద్యుడు లండను నగరములో ఒక వీధి పంపునీటివలన వాంతిభేది వ్యాపించుచున్నదని చూపెను. 1884లో రాబర్ట్ కాక్ అను జర్మను పండితుడు కలకత్తాలో పరిశోధన సాగించి ఆ వ్యాధి క్రిమిని నిశ్చయించెను. మురికి వలన దుర్వాసన మాత్రమే కాక మరణము కూడ వచ్చునని తేలినపిదప, శుభ్రత యొక యింటివాని యిష్టాయిష్టములకు వదలదగిన పని కాకపోయెను. అది ఊరుమ్మడి పని యయ్యెను. ఊరుమ్మడి పనికి ఊరుమ్మడి ధనము కావలెను. ఇష్టము లేనివానియొద్ద కూడ ధనము తీసికొనవలసినచో అందులకు చట్టము కావలెను.

ఈ సత్యమును మన డెల్టా మొదట నేర్చుకొన్నది చెత్తవలన కాదు, బడివలన. 1854 ప్రాంతమున నరసాపురములో సబుకలెక్టరుగా నుండిన టెయిలరు దొర ప్రోత్సాహముతో అక్కడను, పాలకొల్లు, ఆచంట, పెనుగొండలయందును బడులు వెలసెను. వాని పోషణకై రైతులు తమ శిస్తుపైన కొంత చేర్చి చెల్లించుట కంగీకరించిరి. ఆ పద్ధతి ఇతర గ్రామములకును ప్రాకెను. కాని కొంతకాలమునకు చిక్కు బయలుదేరెను. అందరును సంతోషముగా నిచ్చినంతవరకు అది చందా. ఒకడు ఈయనన్ననాడు దానిని రాబట్టుట కధికార మెక్కడిది? ఆ లోపమును పూరించుటకై 1863లో మదరాసు ప్రభుత్వము ఒక విద్యాశాసనము చేసి, అట్టి స్థానికపు రేటుకు చట్టబలము కల్పించెను. చందాకు మనసు చాలును. పన్నుకు చట్టము కావలెను. చట్టము వచ్చిన పిమ్మట మనసు పోకుండ చూచుకొనుట మరియొక పని. ఆ రెండవ పనినే మనవారు పలుమారులు మరచిరి.

పట్టణముల సంగతి చూతము. 1865లో మదరాసు రాజధానికి పట్టణాభివృద్ధి శాసనము వచ్చెను. 1866 నాటికి రాజమహేంద్రవరము, కాకినాడ, ఏలూరు పట్టణములలో పురపాలక సంఘము లేర్పడెను. ఇండ్లమీద, వృత్తులమీద, బండ్లమీద పన్ను వేయు నధికారము వానికి కలిగెను. అయితే ఆ శాసనము ప్రకారము వచ్చిన సొమ్ములో పట్టణపు పోలీసుల ఖర్చునకు పెద్దభాగ మీయవలసియుండెను. వీధులూడ్చుటకై పన్ను కట్టితిమనుకొన్నవాని సొమ్ము ఠాణాకు చేరుచుండెను. 1871లో శాసనము మార్చి పోలీసు భారము తొలగించిరి. కాని వెంటనే బడులు, టీకాలు మున్నగు భారములను మోపిరి. సంఘమునకు పని పెంచుట యొక కలముపోటు. ఆదాయము పెంచుట అంత సులభము కాదు. మన స్థానిక సంఘముల చరిత్రయంతయు ఈ యొక్క వాక్యములో నిమిడియున్నదని నా యభిప్రాయము.

1882 మే 18వ తేదీన రిప్పన్ ప్రభువు తన ప్రసిద్ధమైన తీర్మానమును ప్రకటించెను. స్థానిక సంఘములలో ప్రజల ప్రతినిధులకు పెద్దపాలు ఉండవలెననియు, ఇవి ప్రజలకు రాజకీయ విద్య నేర్పు బడులు కావలెననియు దాని సారాంశము. దానిని పురస్కరించుకొని 1884లో మదరాసు ప్రభుత్వము రెండు శాసనములు చేసెను. ఒకటి పురపాలక సంఘములకు, రెండవది పల్లెలకు. రాజమహేంద్రవరమున న్యాపతి సుబ్బారావు పంతులుగారు, ఇరువదవ శతాబ్ది యారంభమున టంగుటూరి ప్రకాశము పంతులుగారు పురపాలక సంఘాధ్యక్షులైరి. అంతకుముందే 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు వివేకవర్ధని పత్రిక స్థాపించి, అధికారుల లంచగొండితనమును నిర్భయముగా ఖండించుచు వచ్చిరి. పన్ను కట్టువాడు ప్రశ్నింపనేర్చుట కూడ స్వపరిపాలనలో భాగమే కదా.

పల్లెలకు వచ్చిన మార్పును మీవంటి గ్రామపెద్దలు ప్రత్యేకముగా వినదగును. 1871లోనే లోకల్ ఫండు శాసనము వచ్చి భూమిమీద రూపాయికి ఒక అణావరకు సెస్సు విధింప వీలుకల్పించెను. అందు పెద్దభాగము రోడ్లకు పోయెను. 1884 శాసనముతో జిల్లాబోర్డు, దానిక్రింద తాలూకాబోర్డు, దానిక్రింద యూనియను పంచాయతి అని మూడంతస్తు లేర్పడెను. కొంచెము పెద్ద గ్రామమును గాని, కొన్ని గ్రామములను గాని చేర్చి యూనియనుగా చేయుదురు. గ్రామమునసబు పదవిరీత్యా అందు సభ్యుడు. ఈ యూనియనుకు ఇంటిపన్ను వేయు నధికార మిచ్చిరి. ఆ పన్నుతో వీధిదీపములు వెలిగించుట, వీధులూడ్చుట, మురుగుకాలువలు తీయించుట దాని పనులు. మన పల్లెలలో, ఇల్లుగలవాడు తన యూరి శుభ్రతకై చట్టప్రకారము డబ్బు చెల్లించుట అప్పటినుండియే స్థిరపడెను. నేడు మనము కట్టుచున్న ఇంటిపన్నుకు ఇదియే మూలపురుషుడు.

అధికారమైతే వచ్చినది. దాని పరిమితి యెంత? యూనియను ఆదాయ మల్పము. పైన తాలూకాబోర్డు, ఆపైన జిల్లాబోర్డు, ఆపైన కలెక్టరు. ఒక బండిని, ఎద్దులజతను కొని, ఇద్దరు మనుష్యులకు జీతమిచ్చిన పిదప సంచిలో మిగులునది స్వల్పము. అయినను ఊడ్చిన చెత్తను ఎరువుగా అమ్మి కొంత రాబట్టు మార్గ ముండెను. 1924 మొదలు 1931 వరకు ఇందూరులో ఆల్బర్ట్ హోవర్డ్ అను వ్యవసాయశాస్త్రజ్ఞుడు చెత్తను, పేడను పొరలుగా వేసి మంచి ఎరువుగా మార్చు పద్ధతిని సాధించి చూపెను. అందులో కొంత మన రైతు పెంటకుప్పలో నున్న జ్ఞానమే యని చెప్పిన అతిశయోక్తి కాదు.

పన్ను వేయు నధికారమును ప్రజల మనసు నడుగక వాడినచో నేమగునో చెప్పుటకు మన జిల్లాల సరిహద్దు దాటి, కృష్ణకు దక్షిణమునకు పోవలెను. నాటి గుంటూరు జిల్లాలోని చీరాల, పేరాల గ్రామములు అంతవరకు యూనియనుగా నుండెను. 1919లో ప్రభుత్వమువారు వానిని పురపాలక సంఘముగా మార్చిరి. జనము పెరిగినది, ఆరోగ్యవసతులు కావలెనని వారి వాదము. అచటివారిలో పెక్కుమంది నేతపనివారు, చిన్న వర్తకులు. ఏటికి నాలుగువేల రూపాయల ప్రాంతమున నుండిన పన్ను నలుబదివేలవరకు పోవునని వారు గగ్గోలుపెట్టిరి. మొరలు పెట్టుకొనిరి, వినబడలేదు. పన్ను చెల్లింపమనిరి, కొందరు చెరసాలకు పోయిరి. 1921 ఏప్రిలులో గాంధీమహాత్ముడు అచటికి వచ్చెను. పిదప ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఆ జనములో అత్యధికులు ఇండ్లు వాకిండ్లు విడిచి పురపాలక సంఘపు పొలిమేర దాటి, రామనగరమను పేర పాకలు వేసికొని పదునొకండు నెలలు ఎండవానల కోర్చుకొనిరి. నాయకుడు కారాగారమున కేగిన పిదప, కష్టములు మితిమీరి, 1922లో వారు తిరిగి తమ యిండ్లకు చేరిరి.

ఈ కథను మనము సాధారణముగా స్వాతంత్ర్యోద్యమపు అధ్యాయముగానే చదువుకొందుము. నే డింకొక వైపునుండి చూడుడు. ఆ ప్రజలు శుభ్రమైన వీధిని వలదనలేదు. రామనగరములో తమ పంచాయతిని తామే ఏర్పరచుకొని, రామదండు సేవకులతో క్రమము పాటించిరి. తమ యోగ్యతకు మించిన పన్నును, తమ నడుగక మోపిన సంఘమును మాత్రమే నిరాకరించిరి. కావున, శుభ్రతకు పన్ను వలదనువారు చీరాలను తమకు సాక్ష్యముగా పిలువరాదు. పన్ను వేయుటకు చట్టమొకటే చాలుననువారు చీరాలను మరువరాదు.

తరువాతి చరిత్ర త్వరగా చెప్పెదను. 1920లో పురపాలక సంఘములకు, స్థానిక బోర్డులకు, గ్రామపంచాయతులకు మూడు క్రొత్త శాసనములు వచ్చెను. 1930లో పంచాయతులను బోర్డుల శాసనములోనికే చేర్చిరి. 1934లో తాలూకాబోర్డులు రద్దయ్యెను. 1939లో మదరాసు ప్రజారోగ్య శాసనము వచ్చెను. మన దేశములో అట్టి సమగ్రశాసనములలో అది మొదటిది. పురపాలక సంఘము తన సొంత ఆదాయములో నూటికి 30 వంతులకు, జిల్లాబోర్డు నూటికి పన్నెండున్నర వంతులకు తక్కువ కాకుండ ప్రజారోగ్యమునకు ప్రత్యేకింపవలెనని అందు విధించిరి. ఇది మంచి నియమము. అధికారము, విధి అను రెండు మాటలకు తోడుగా వాటా అను మూడవ మాట అప్పుడు చట్టములో చేరెను. ఇంత భాగము దీనికే యని గీత గీయనిచో, చీపురు సొమ్ము ఎప్పుడును స్వాగతతోరణములకే పోవును.

స్వరాజ్యము వచ్చినపిదప 1950లో మదరాసు గ్రామపంచాయతుల శాసనము, 1964లో ఆంధ్రప్రదేశ గ్రామపంచాయతుల శాసనము వచ్చెను. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతులకు రాజ్యాంగ ప్రతిపత్తి నిచ్చెను. దాని ననుసరించి 1994లో మన రాష్ట్రమున పంచాయతిరాజ్ శాసనము చేసిరి. వీధులు శుభ్రపరచుట, చెత్తకుప్పలు తొలగించుట, నాగజెముడు కొట్టివేయుట, పాడుబడ్డ నూతులు పూడ్చుట పంచాయతి విధులని అందు వ్రాసియున్నది. కాని ఆ విధులకు ముందు ఒక చిన్న మాట కలదు: తన నిధుల మేరకు అని. ఆ మాటయే తాళముచెవి. నిధులు లేవన్నచో విధియు లేదా?

ఈ ప్రశ్నకు సుప్రీముకోర్టు 1980లోనే సమాధానము చెప్పినది. మధ్యప్రదేశములోని రత్లాము పురపాలక సంఘము, మురుగు తొలగించుటకు తనకు ధనము లేదని వాదించెను. న్యాయమూర్తి కృష్ణయ్యరుగారు ఆ వాదమును త్రోసిపుచ్చిరి. ప్రజల ఆరోగ్యమును కాపాడుట సంఘపు మొదటి విధి, బొక్కసము వట్టిదను సాకుతో దానినుండి తప్పించుకొనరాదని తీర్పు. ఇది పట్టణపు తీర్పే. అయినను పల్లెవారును గుర్తుంచుకొనదగినది.

ఇక నిన్నమొన్నటి సంగతి. 2016లో కేంద్రప్రభుత్వపు ఘనవ్యర్థముల నియమములు చెత్త తీసికొనిపోవు సేవకు రుసుము వసూలుచేయు నధికారమును స్థానిక సంఘముల కిచ్చెను. 2021 అక్టోబరు 2వ తేదీన మన రాష్ట్రమున స్వచ్ఛసంకల్పమను పథకము మొదలై, పట్టణములలో నెలనెలా ఇంటింటికి రుసుము వసూలుచేయసాగిరి. ప్రజలు దానికి చెత్తపన్ను అని పేరుపెట్టిరి. ఆస్తిపన్నులో చెత్త తీయు పన్ను ముందే కలిసియున్నదికదా, మరల నిదేమని వారి ప్రశ్న. 1965 పురపాలక శాసనము చూచినచో, ఆస్తిపన్నులో చెత్త తీయుటకు విధించు భాగమొకటి ఉండవచ్చునని నిజముగనే కలదు. బండ్లకు, మనుష్యులకు, ఎరువుశాలలకు సొమ్మెక్కడనుండి రావలెనని ప్రభుత్వపు వాదము, అదియు కాదనరానిదే. 2024 అక్టోబరు 2వ తేదీన మచిలీపట్టణమున ముఖ్యమంత్రి ఆ రుసుము రద్దును ప్రకటించిరి. రుసుము పోయినది. చెత్త పోలేదు. ఖర్చును పోలేదు. అది యొక సంచినుండి మరియొక సంచికి మారినది.

పల్లెలకు పెద్ద ఆధారము నేడు కేంద్ర ఆర్థికసంఘపు గ్రాంటు. 2021 మొదలు 2026 వరకు పదునైదవ ఆర్థికసంఘము గ్రామీణ సంస్థలకు సిఫారసుచేసిన గ్రాంటులో నూటికి 60 వంతులు ప్రత్యేకించిరి. అందు సగము పారిశుద్ధ్యమునకు, సగము త్రాగునీటికి. 1939 నాటి వాటా సూత్రమే ఢిల్లీనుండి తిరిగి వచ్చినదని చెప్పవచ్చును. ఉపాధిహామీ సొమ్ముతో పెక్కు గ్రామములలో చెత్తనుండి సంపద తయారుచేయు షెడ్లు కట్టిరి. షెడ్డు కట్టుట ఒకసారి ఖర్చు; దానిని నడుపుట ప్రతిదినపు ఖర్చు. పైనుండి వచ్చు గ్రాంటు వానవంటిది, ఇంటిపన్ను ఊటవంటిది. వాననే నమ్ముకొని చెరువును మరచిన ఊరి గతి మీకు తెలియును.

మరియొక మాట. ఈ ఖర్చులో అధికభాగము చీపురు పట్టిన మనిషి జీతము. పూర్వము మనము ఆ మనిషికి కులము చూపి పని చెప్పితిమి, కూలి మాత్రము కొలిచి యీయలేదు. చేతులతో మలము ఎత్తు పనిని 1993లో ఒక చట్టము, 2013లో మరింత గట్టి చట్టము నిషేధించెను. నేడు పారిశుద్ధ్యపు పనివారికి జీతము, చేతితొడుగులు, గౌరవము ఇచ్చుట దయ కాదు, ఊరి బాకీ. జీతము నిలిచిన నెలలో వీధి నిలువదు.

గ్రామపెద్దలారా, ఇంత చరిత్రయు చెప్పిన పిదప నేను కోరునది స్వల్పము. గ్రామసభ జరిగిన దినమున మీరు వెళ్లి మూడు మాట లడుగుడు. ఈ యేడు ఇంటిపన్ను ఎంత రావలెను, ఎంత వచ్చినది? పారిశుద్ధ్యమునకు ప్రత్యేకించిన సొమ్మెంత, అది దేనికి పోయినది? పనివారికి జీతములు ఏ నెలవరకు అందినవి? ఈ మూడు ప్రశ్నలు వేయువానికి ఒక అర్హత కావలెను. తన ఇంటిపన్ను రసీదు తనయొద్ద నుండవలెను. కట్టని నోటికి అడుగు బలముండదు. అడుగని నాడు కట్టిన సొమ్ముకు రక్షణముండదు.

మన పెరటి పెంటకుప్పలోనికి నేడు ప్లాస్టికు సంచి వచ్చి చేరినది. అది పొలమున ఎరువు కాదు, కాలువలో కరగదు. అది ఆచంటలో పడినను, అమలాపురములో పడినను, నీటితోపాటు దిగువకే పోవును. దిగువ నెవరో కడవ ముంచుచుందురు. ఎగువయూరి పంచాయతి ఖర్చుపెట్టిన రూపాయి దిగువయూరి బిడ్డకు ఆరోగ్యమగును. డెల్టాలో ఊరి బొక్కసమునకు గల విలువ అది.